నోరు రెండు వేళ్ళకు మించి తెరుచుకోవడం లేదు: దవడ కీలు కడిగించుకోవాలా?

ఖమ్మం జిల్లా నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం సారాంశం ఇది. ఆమె వయసు 34. ప్రైవేటు స్కూల్లో టీచరు, రోజంతా మాట్లాడే పని. నాలుగేళ్ళుగా నోరు తెరిచినప్పుడల్లా కుడి చెవి ముందు టక్కుమని చప్పుడు వచ్చేది. నొప్పి లేదు కదా అని పట్టించుకోలేదు. మూడు నెలల కిందట ఒకరోజు పొద్దున్నే లేచేసరికి నోరు సగమే తెరుచుకుంది. ఆ రోజు నుంచి చప్పుడు కూడా లేదు. ఇప్పుడు రెండు వేళ్ళు నిలువునా పట్టడమే కష్టం. నోరు తెరుస్తుంటే గడ్డం కుడివైపుకు లాగుతోంది. చపాతీ నమిలితే చెవి ముందు పోటు. చెవి డాక్టరు చూసి చెవిలో ఏమీ లేదన్నారు. ఒక దంతవైద్యులు జ్ఞానదంతం తీసేద్దామన్నారు. మరొకరు రాత్రిపూట పెట్టుకోవడానికి స్ప్లింట్, అంటే పళ్ళ మీద తొడిగే ప్లాస్టిక్ తొడుగు, చేసిచ్చారు. ఐదు వారాలు వాడాక పొద్దుటి బిగుతు కొంత తగ్గింది కానీ నోరు మాత్రం 27 మి.మీ. దగ్గరే ఆగింది. కుడి కీలులో డిస్క్ ముందుకు జారిందనీ, నోరు తెరిచినా వెనక్కి రావడం లేదనీ, కొద్దిగా నీరు చేరిందనీ ఎంఆర్‌ఐ రిపోర్టు వచ్చింది. ఎముకలో తేడా ఏమీ లేదు.

అది చూసిన సర్జన్ ఆర్థ్రోసెంటెసిస్, అంటే సూదులతో కీలును కడగడం, దాంతోపాటు పీఆర్‌పీ (సొంత రక్తం నుంచి తీసిన ప్లేట్‌లెట్ల ద్రవం) ఇంజెక్షన్ చేద్దామన్నారు. ఇంకో క్లినిక్‌లో బొటాక్స్ ఇచ్చి, పళ్ళు అరగదీసి కాటు (పై పళ్ళు, కింది పళ్ళు కలిసే తీరు) సరిచేస్తామన్నారు. హైదరాబాదులో ఉన్న బంధువు ఒకాయన "కోసి డిస్క్‌ని వెనక్కి పెట్టించుకోకపోతే దవడ పూర్తిగా బిగుసుకుపోతుంది" అని భయపెట్టారు. చెవి పక్కన సూది గుచ్చితే మూతి వంకరపోతుందని అత్తగారి పట్టుదల. "ఎవరి మాట వినాలి? ఏమీ చేయించుకోకుండా వదిలేస్తే ఏమవుతుంది? ఆ చప్పుడు మళ్ళీ వస్తుందా? బడి తెరిచేలోపు ఏదో ఒకటి తేల్చుకోవాలి" అని అడుగుతున్నారు.

జవాబు:

మీ ఉత్తరం చాలా వివరంగా ఉంది. ముఖ్యంగా చప్పుడు ఎప్పుడు ఆగిందో, గడ్డం ఏ వైపుకు పోతోందో రాశారు. సగం నిర్ధారణ ఆ రెండు మాటల్లోనే ఉంది. నలుగురు నాలుగు మాటలు చెప్పారని కంగారుపడుతున్నారు గానీ, ఆ నలుగురూ ఒకే జబ్బు గురించి మాట్లాడటం లేదు. అందుకే ముందు కీలులో ఏం జరిగిందో తెలుసుకోండి. ఎవరి సలహా ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ పనికిరాదో అప్పుడు మీకే తెలుస్తుంది.

చెవి ముందు వేలు పెట్టి నోరు తెరిస్తే కదిలేదే దవడ కీలు. కింది దవడ ఎముక గుండ్రటి తలకూ, పైన పుర్రెలో ఉన్న గుంటకూ మధ్య పలచటి, గట్టి పీచులాంటి డిస్క్ ఉంటుంది. ఈ డిస్క్ కీలును పై గది, కింది గది అని రెండుగా విడదీస్తుంది. నోరు తెరవడం మొదలుపెట్టగానే ఎముక తల కింది గదిలో ఉన్నచోటే తిరుగుతుంది. ఆ తిరుగుడుతో 20 నుంచి 25 మి.మీ. దాకా నోరు తెరుచుకుంటుంది. ఆపైన తెరవాలంటే తల, డిస్క్ కలిసి పై గదిలో ముందుకు జారాలి. పెద్దవాళ్ళలో మామూలుగా 40 మి.మీ. పైనే తెరుచుకుంటుంది. మీరు 27 దగ్గర ఆగారంటే కుడి కీలు తిరుగుతోంది, జారడం లేదు. ఎడమ కీలు మాత్రం మామూలుగా ముందుకు జారుతోంది. గడ్డం కుడికి లాగేది అందుకే.

నాలుగేళ్ళ ఆ చప్పుడు, ముందుకు జారిన డిస్క్ మీదికి ఎముక తల ఎక్కిన ప్రతిసారీ వచ్చింది. చప్పుడు ఆగిందంటే నయమైందని చాలామంది అనుకుంటారు. మీ విషయంలో తల ఇక డిస్క్ మీదికి ఎక్కలేకపోతోంది, డిస్క్ ముందు అడ్డంగా ఉండిపోయింది. దీన్నే క్లోజ్డ్ లాక్ అంటారు. కొంతమందిలో డిస్క్ పైగుంటకు అతుక్కుపోవడం కూడా దీనికి తోడవుతుంది. తడిసిన రెండు గాజుపలకలు ఒకదానికొకటి పట్టేసినట్టు అన్నమాట. సూదులతో కడగడం అన్నిటికంటే బాగా పనిచేసేది ఈ అతుకుడు మీదే.

ఇక వచ్చిన సలహాల్లో ముందు పక్కన పెట్టాల్సినవి. పళ్ళు అరగదీయడం వద్దు. కాటు సరిగ్గా లేకనే కీలు చెడిందన్న వాదన పాతది. దాన్ని బట్టి మంచి పళ్ళను అరగదీసి, తొడుగులు వేసి, ఆ తర్వాత నొప్పి తగ్గకపోగా కాటు ఎక్కడ ఆనించాలో తెలియక అవస్థపడేవాళ్ళు ఉన్నారు. పైగా ఎనామిల్ ఒకసారి పోతే తిరిగి రాదు. కీలులో వాపున్నప్పుడు, నీరు చేరినప్పుడు కాటు ఎలాగూ కొద్దిగా మారుతుంది. ఆ మారిన కాటును కొలతగా పెట్టుకుని పళ్ళు అరగదీస్తే, వాపు దిగాక అసలు కాటే తప్పుతుంది. ఈ ఒక్క విషయంలో మాత్రం "ఆలోచించుకోండి" అనను, ఒప్పుకోవద్దంటాను.

జ్ఞానదంతానికి దాని సొంత కారణం ఉంటేనే తీయించుకోవాలి. చుట్టూ చిగురు వాచి చీము పడుతున్నా, పుచ్చినా, పక్క పంటిని తినేస్తున్నా తీయాల్సిందే. చీము పట్టిన జ్ఞానదంతం వల్ల కూడా నోరు బిగుస్తుంది, ఆ మాట నిజం. కానీ మీకు కారణం ఎంఆర్‌ఐలో కనిపించింది. పైగా పన్ను తీసేటప్పుడు నోరు చాలాసేపు బాగా తెరిచి ఉంచాలి. బిగుసుకున్న కీలుకు ఇప్పుడు ఆ శ్రమ వద్దు. కీలు కుదుటపడ్డాక చూసుకోవచ్చు.

బొటాక్స్ కండరానికి ఇచ్చే మందు. దవడ బిగించే కండరం బలాన్ని మూడు నాలుగు నెలలపాటు తగ్గిస్తుంది. అడ్డంగా ఉన్న డిస్క్‌కూ దానికీ సంబంధం లేదు. మీకు నొప్పి కండరంలోనా, కీలులోనా అన్నది ఇలా చూసుకోండి. పళ్ళు గట్టిగా కరిచి, చెంప వెనకవైపు ఉబ్బిన చోట మూడు వేళ్ళతో కాస్త గట్టిగా నొక్కండి. తర్వాత కరవడం వదిలేసి, చెవి రంధ్రానికి ఒక సెంటీమీటరు ముందు మెల్లగా నొక్కండి. మొదటి చోటే మీకు అలవాటైన నొప్పి ఎక్కువగా పలికితే కండరం వాటా పెద్దదని అర్థం. అలా ఉన్నా మసాజు, వేడి కాపు, వ్యాయామం అయ్యాకే బొటాక్స్ ఊసు ఎత్తాలి.

మీ బంధువు మాటకు వద్దాం. దవడ పూర్తిగా బిగుసుకుపోవడం, అంటే ఎముక ఎముకకు అతుక్కుపోవడం, ఎక్కువగా దెబ్బలు తగిలి కీలు విరిగినప్పుడో, చిన్నప్పుడు చెవి నుంచి చీము కీలుకు పాకినప్పుడో, తీవ్రమైన కీళ్ళవాతంలోనో వస్తుంది. డిస్క్ జారినంత మాత్రాన ఆ గతి పట్టదు. కోసి డిస్క్‌ను వెనక్కి కుట్టడం అనే ఆపరేషన్ ఉన్నమాట నిజమే. కానీ కోత చెవి ముందు పడుతుంది, ముఖ కండరాలను కదిలించే నరం ఆ పక్కనే పోతుంది. కుట్టిన డిస్క్ మళ్ళీ జారడమూ ఉంది. పైగా డిస్క్‌ను దాని చోట పెట్టకపోతే మనిషి బాగుపడడన్న నమ్మకం ఈ రంగాన్ని ఒకప్పుడు చాలా దూరం తీసుకెళ్ళింది. 1980ల్లో అమెరికాలో డిస్క్ తీసేసి ఆ స్థానంలో టెఫ్లాన్ పొర ఉన్న ఇంప్లాంట్లు పెట్టారు. అవి నలిగి ముక్కలై చుట్టూ ఎముకను తినేశాయి. చివరికి 1990ల తొలినాళ్ళలో వాటిని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. అప్పట్లో అవి పెట్టించుకున్నవాళ్ళలో చాలామందికి మళ్ళీ మళ్ళీ ఆపరేషన్లు జరిగాయి.

అసలు విషయం ఏమిటంటే, డిస్క్ వెనక్కి రాకపోయినా మనిషి బాగుపడతాడు. డిస్క్ వెనక ఉన్న మెత్తటి కణజాలం మీద కొన్ని నెలలు బరువు పడేసరికి అది గట్టిపడి దాదాపు డిస్క్‌లాగే పనిచేయడం మొదలుపెడుతుంది. నొప్పి పోయి, నోరు బాగా తెరుస్తున్నవాళ్ళకు ఎంఆర్‌ఐ తీసినా డిస్క్ ఇంకా ముందే కనిపిస్తుంది. కాబట్టి "నా డిస్క్ వెనక్కి వచ్చిందా?" అన్న ప్రశ్నను వదిలేసి, "నోరు ఎన్ని మిల్లీమీటర్లు తెరుచుకుంటోంది? ఏం నమలగలుగుతున్నాను?" అన్నవి పట్టుకోండి. ఏ చికిత్స తీసుకున్నా మీ కొలబద్ద ఇదే.

ఏమీ చేయకుండా వదిలేస్తే? దీనికి జవాబు ఉంది. జపాన్‌లో ఇలాంటి 40 మందిని చికిత్స లేకుండా రెండున్నరేళ్ళు గమనించి 1998లో ఫలితాలు ప్రచురించారు. దాదాపు 40 శాతం మందికి బాధలన్నీ పోయాయి. మూడోవంతు మందికి తగ్గాయి. నాలుగోవంతు మందికి తేడా రాలేదు. అంటే కాలమే చాలావరకు నయం చేస్తుంది, కాకపోతే నెమ్మదిగా. రోజంతా మాట్లాడి బతికే మీరు రెండేళ్ళు ఇలా నెట్టుకురావాలా అన్నది వేరే ప్రశ్న. ఆ నాలుగోవంతులో మీరుండరని ఎవరూ హామీ ఇవ్వలేరు కూడా.

మరి ఏ చికిత్స మేలు? అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయం వాళ్ళు క్లోజ్డ్ లాక్ ఉన్న 106 మందిని నాలుగు గుంపులు చేశారు. ఒక గుంపుకు మందులు, సలహాలు. రెండో గుంపుకు స్ప్లింట్, ఫిజియోథెరపీలతో పునరావాసం. మూడో గుంపుకు కీలులోకి సన్నటి గొట్టం పంపి చేసే ఆర్థ్రోస్కోపీ. నాలుగో గుంపుకు కోత ఆపరేషన్. ఐదేళ్ళదాకా చూసి 2007లో ప్రచురించారు. నాలుగు గుంపుల వాళ్ళూ బాగుపడ్డారు, గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అందుకే తక్కువ హాని ఉన్నదానితో మొదలుపెట్టమంటారు. 2023 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన మార్గదర్శకాలు కూడా దీర్ఘకాలపు దవడ నొప్పికి పర్యవేక్షణలో చేసే దవడ వ్యాయామాలకు, చేతి చికిత్సకు, మానసిక చికిత్సకు మొదటి పీట వేశాయి. కీలు కడగడం, కీలులో జారుడు కోసం ఇచ్చే హైలురోనిక్ ఆమ్లం, స్టీరాయిడ్, బొటాక్స్ ఇంజెక్షన్లు, మామూలు స్ప్లింట్లు వద్దనే వైపు మొగ్గాయి, అయితే అది షరతులతో కూడిన సిఫారసే. ఆ మార్గదర్శకాలు అన్నిరకాల దవడ నొప్పులనూ కలిపి చూశాయి. మీలా నోరే తెరుచుకోనివాళ్ళను విడిగా చూడలేదు. కాబట్టి మీకు ఆ తలుపు మూసుకుపోలేదు. కాకపోతే ఏది ముందు, ఏది తర్వాత అన్న వరుస తేలింది.

మీ ఉత్తరంలో ఒక లోటు కనిపించింది. ఎవరూ మీతో సరైన వ్యాయామం చేయించలేదు. స్ప్లింట్ కండరాలకు విశ్రాంతినిస్తుంది, అతుక్కున్న కీలును కదిలించదు. అందుకే బిగుతు తగ్గింది, 27 మాత్రం మారలేదు. కాబట్టి మీ మొదటి దారి, నా మొగ్గు కూడా అటే: నాలుగు నుంచి ఆరు వారాలు శ్రద్ధగా వ్యాయామం. దవడ కీలు మీద పనిచేసిన అనుభవం ఉన్న ఫిజియోథెరపిస్టు దొరికితే వారానికి రెండుసార్లు వెళ్ళండి. వాళ్ళు గ్లవ్ వేసుకుని బొటనవేలు మీ కింది దవడపళ్ళ మీద ఆనించి, కిందికీ ముందుకూ మెల్లగా లాగుతారు. ఇది ఇంట్లోవాళ్ళతో మాత్రం చేయించుకోవద్దు. పళ్ళు పట్టుకుని బలవంతంగా నోరు తెరిపించే నాటు పద్ధతులు అసలే వద్దు.

ఇంట్లో చేయాల్సింది ఇదీ. ముందు తడిగుడ్డ వేడి కాపు చెంప మీద పదిహేను నిమిషాలు. తర్వాత నాలుక కొసను పైపళ్ళ వెనక అంగిట్లో ఆనించి, అది ఊడకుండా ఎంత తెరుచుకుంటే అంత నోరు తెరిచి మూయడం, పదిసార్లు. తర్వాత ముందు పళ్ళ మధ్య ఐస్‌క్రీం పుల్ల ఒకటి అడ్డంగా పట్టుకుని కింది దవడను ఎడమవైపుకు జరపడం, పదిసార్లు. మీకు కష్టమైన కదలిక ఇదే. కుడి కీలు ముందుకు జారితేనే దవడ ఎడమకు పోతుంది కాబట్టి దీన్ని వదలొద్దు. చివర్లో సాగదీత: బొటనవేలు పైపళ్ళకు, చూపుడువేలు కింది పళ్ళకు కత్తెరలా ఆనించి, మెల్లగా విడదీసి పది సెకన్లు ఆపండి. ఇలా ఐదారుసార్లు. ఈ వరుస మొత్తం రోజుకు నాలుగుసార్లు. సాగుతున్న నొప్పి ఉండొచ్చు. చేశాక అరగంటకు మించి నొప్పి మిగిలితే మరునాడు బలం తగ్గించండి గానీ మానేయకండి. అసలు నొప్పే లేకుండా పైపైన చేస్తే కీలు కదలదు. మరీ గట్టిగా చేస్తే వాపు పెరిగి రెండు రోజులు వెనక్కి పోతారు. చాలామంది తప్పేది ఈ రెండు చోట్లే.

వారానికి రెండుసార్లు, పొద్దున ఒకే వేళకు, ప్లాస్టిక్ స్కేలుతో పై ముందుపంటి అంచు నుంచి కింది ముందుపంటి అంచు వరకు కొలిచి రాసుకోండి. స్కేలు సున్నా అంచులోనే మొదలయ్యేది చూసుకోండి, లేకపోతే ప్రతిసారీ నాలుగైదు మి.మీ. తేడా వస్తుంది. వాపు తగ్గించే మాత్రలు డాక్టరు రాస్తే వారం పది రోజులు, తిన్న తర్వాత, వేళకు వేసుకోండి. నొప్పి వచ్చినప్పుడే ఒకటి మింగితే కీలులో వాపు తగ్గదు. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, బీపీ ఉన్నా, గర్భవతి అయ్యే అవకాశం ఉన్నా ముందే చెప్పాలి. స్ప్లింట్ రాత్రిపూట మాత్రమే కొనసాగించండి. అది పళ్ళన్నిటినీ కప్పే గట్టి రకమేనా చూసుకోండి. ముందు పళ్ళకే తొడిగే చిన్నరకాన్ని పగలూ రాత్రీ వాడితే కాటే మారిపోవచ్చు.

ఆరు వారాల్లో 35 దాటి, మెత్తని చపాతీ నమలగలిగితే సూదుల అవసరమే లేదు, అదే బాటలో సాగిపోండి. మూడు నాలుగు మి.మీ. కూడా పెరగకపోతే ఆర్థ్రోసెంటెసిస్‌కు వెళ్ళడంలో తప్పులేదు. అంతవరకు ఆగలేనంత నొప్పి ఉన్నా, సరిగ్గా తినలేక బరువు తగ్గుతున్నా, బడి తెరిచేలోపు తేలాలన్నది మీకు నిజంగా ముఖ్యమైనా ఇప్పుడే చేయించుకోవడం రెండో దారి. అదీ సబబే. కానీ సూదుల తర్వాత కూడా పైన చెప్పిన వ్యాయామం తప్పదు. కడిగినందువల్ల కీలు వదులవుతుంది. ఆ వదులును వాడుకోకపోతే కొన్ని వారాల్లో మళ్ళీ బిగుస్తుంది.

మీ అత్తగారి భయం పోవాలంటే అక్కడ జరిగేది ఆమెకు ఉన్నదున్నట్టు చెప్పండి. ఈ పద్ధతిని 1991లో జెరూసలేంకు చెందిన డోరిట్ నిట్జాన్, ఫ్లోరిడాకు చెందిన ఫ్రాంక్లిన్ డోల్విక్, వాళ్ళ సహచరులు ప్రచురించారు. ఆర్థ్రోస్కోపీ చేసినప్పుడు డిస్క్‌ను ముట్టుకోకుండా కీలును కడిగినా నోరు తెరుచుకోవడం చూసి, గొట్టం ఎందుకు, సూదులు చాలవా అన్న ఆలోచన వచ్చింది. తల ఎడమకు తిప్పి పడుకోబెడతారు. చెవిలోకి ద్రవం పోకుండా దూది పెడతారు. చెవి ముందున్న చిన్న మొన మధ్య నుంచి కంటి బయటి మూలకు చర్మం మీద గీత గీస్తారు. గీత మీద చెవి నుంచి 10 మి.మీ. ముందుకు, 2 మి.మీ. కిందికి మొదటి చుక్క. 20 మి.మీ. ముందుకు, 10 మి.మీ. కిందికి రెండో చుక్క. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, నోరు తెరిపించి, మొదటి చుక్క దగ్గర సూది పై గదిలోకి పంపుతారు. పై గదిలో పట్టేదే ఒక మిల్లీలీటరుకు కాస్త అటూఇటూ. అందులోకి ద్రవం ఎక్కించగానే కింది దవడ చిన్నగా కదులుతుంది. సూది సరైన చోట ఉందనడానికి అదో గుర్తు. రెండో సూది గుచ్చాక ఒకదాన్నుంచి రింగర్ లాక్టేట్ (సెలైన్ లాంటి ద్రవం) లోపలికి, రెండోదాన్నుంచి బయటికి. 100 మి.లీ. నుంచి 200 మి.లీ. దాకా కడుగుతారు. మధ్యమధ్యలో బయటికొచ్చే సూదిని వేలితో మూసి ఒత్తిడి పెంచుతారు. అతుకుడు ఊడేది అప్పుడే. వాపు పుట్టించే పదార్థాలు కూడా ద్రవంతోపాటు కొట్టుకుపోతాయి. సూదులు తీశాక సర్జన్ చేత్తో దవడను కదిలించి, అక్కడే నోరు కొలుస్తారు. అంతా కలిపి ముప్పావుగంట. అదే రోజు ఇంటికి రావచ్చు.

మూతి వంకర సంగతి. మత్తుమందు పక్కనున్న ముఖ నరం కొమ్మలకు పాకితే నుదురు ముడుచుకోకపోవడం, కుడి కన్ను పూర్తిగా మూసుకోకపోవడం జరగొచ్చు. ఇది కొన్ని గంటలే. ఆ కాసేపు కంటిని టేపుతో మూసి కాపాడుకుంటే చాలు. శాశ్వతంగా నరం దెబ్బతినడం చాలా అరుదు. ఇంటికొచ్చాక అత్తగారు కంగారుపడేది మరొకటి ఉంటుంది: ద్రవం కణజాలంలోకి చేరి చెంప, చెవి ముందు భాగం ఉబ్బుతాయి. ఒకట్రెండు రోజుల్లో దిగిపోతుంది. కీలులో మిగిలిన ద్రవం వల్ల కుడివైపు పళ్ళు ఆనకపోవడం కూడా అంతే, తాత్కాలికం. మొదటిరోజు పది పదిహేను నిమిషాల చొప్పున ఐసు కాపు, ఒకటి రెండు వారాలు మెత్తటి తిండి. వ్యాయామం ఎప్పుడు మొదలుపెట్టాలో సర్జన్‌ను అడగండి. సాధారణంగా మొదటి ఒకట్రెండు రోజుల్లోనే మొదలవుతుంది. జ్వరం వచ్చినా, చెవి నుంచి చీము, రక్తం వచ్చినా, వినికిడి తగ్గినా, వాపు తగ్గకపోగా పెరిగినా వెంటనే వెళ్ళాలి.

పీఆర్‌పీ మీ రక్తం నుంచే తీసే ప్లేట్‌లెట్ల ద్రవం. దానివల్ల, హైలురోనిక్ ఆమ్లం వల్ల కొందరికి నొప్పి మరికొంత తగ్గినట్టు చిన్న చిన్న అధ్యయనాలున్నాయి. కానీ అసలు పని చేసేది కడగడమే. ఖర్చు భారమైతే పీఆర్‌పీ లేకుండానే చేయమని అడగడానికి మొహమాటపడకండి. స్టీరాయిడ్ ఒకసారి ఇచ్చారంటే సరే, మళ్ళీ మళ్ళీ ఇస్తే కీలు మృదులాస్థి దెబ్బతింటుంది. హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ డెంటల్ కాలేజీలో కూడా నోరు, దవడల సర్జరీ విభాగం ఉంది. అక్కడ రెండో అభిప్రాయం తీసుకోవచ్చు. ఆస్పత్రిలో ఆరోగ్యశ్రీ వర్తిస్తుందేమో ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోండి.

చేయించుకోవాలనుకుంటే ఆస్పిరిన్, రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి. సర్జన్‌ను మూడు ప్రశ్నలు అడగండి: ఇలాంటివి మీరు తరచూ చేస్తారా? తర్వాత ఫిజియోథెరపీ ఎవరు చేయిస్తారు? ఫలితం రాకపోతే తర్వాతి మెట్టు ఏమిటి? మూడోదానికి ఆర్థ్రోస్కోపీ అనో, మరోసారి కడుగుతామనో జవాబు రావచ్చు. నేరుగా కోత ఆపరేషన్ అంటే ఇంకొకరికి చూపించుకోండి.

చప్పుడు మళ్ళీ రావొచ్చు, రాకపోవచ్చు. కొందరిలో నోరు తెరుచుకున్నాక టక్కుమనడం తిరిగి వస్తుంది. నొప్పి లేకపోతే దాన్ని పట్టించుకోనక్కరలేదు. ఇసుక నలిగినట్టు గరగరమనే శబ్దం మొదలై నొప్పి కూడా ఉంటే మాత్రం ఎముక అరుగుదల ఉందేమో చూడాలి. పెదవి, గడ్డం తిమ్మిరెక్కడం, చేతివేళ్ళ కీళ్ళు కూడా పొద్దున బిగుసుకుపోవడం, కారం తింటే నోరు మంటపుట్టి చెంప లోపల గట్టి పట్టీల్లా తగలడం, వీటిలో ఏదైనా ఉంటే కథ వేరు. చివరిది వక్కపొడి, గుట్కా అలవాటున్నవాళ్ళలో వచ్చే జబ్బు. దానికి కీలు కడిగి లాభం లేదు.

ఇవాళ్టి నుంచే చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. మాట్లాడనప్పుడు, తిననప్పుడు పెదాలు కలిసి ఉండాలి, పళ్ళు మాత్రం ఒకదానికొకటి తగలకూడదు. పేపర్లు దిద్దుతున్నప్పుడు, ఫోను చూస్తున్నప్పుడు పళ్ళు కరిచిపట్టే అలవాటు మీకుందేమో గమనించండి. ఆవులింత వస్తే గడ్డం కింద పిడికిలి పెట్టి ఆపండి. సకినాలు, జంతికలు, మొక్కజొన్న పొత్తు, జామకాయ కొరకడం, మటన్ ముక్కలు ప్రస్తుతానికి మానండి. ఇడ్లీ, పెసరట్టు, పప్పన్నం, పెరుగన్నం, చేప సరిపోతాయి. ఏదైనా చిన్న ముక్కలు చేసి రెండు వైపులా నమలండి. నొప్పి ఉందని కుడివైపు అసలు వాడకపోతే కండరాలు మరింత బిగుస్తాయి. క్లాసులో గొంతు పెంచి అరవకుండా చిన్న మైకు వాడండి. వరసగా వచ్చే రెండు పీరియడ్లలో ఒకదాన్ని పిల్లలు రాసుకునే పనికి కేటాయించగలరేమో హెడ్‌మాస్టరుతో మాట్లాడండి. ఫిజియోథెరపిస్టు దగ్గరికి మొదటిసారి వెళ్ళేటప్పుడు ఎంఆర్‌ఐ రిపోర్టు కాగితంతోపాటు ఫిల్ములు, స్ప్లింట్ కూడా తీసుకెళ్ళండి.